గట్టు దాకా చేరని క్రిస్మస్ సెలవులు

మా ఇంట్లో చలికాలం సెలవులంటే రోజుకో ఊరు. పొద్దున్నే బయల్దేరి, చూడవలసింది చూసి, రాత్రి అన్నానికి ఇంటికొచ్చేయాలి. మేముండేది తాడేపల్లిగూడెంలో కాబట్టి ఎటు వెళ్ళినా రెండు మూడు గంటలకు మించి దూరం లేదు. కడియం నర్సరీలు, ధవళేశ్వరం ఆనకట్ట, యానాం, పేరుపాలెం బీచి. వినడానికి బాగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే వీటిలో సగం మేము చూడనేలేదు. చూసినవన్నీ మా బంధువుల భోజనాల గదులే.

ఇదంతా మా నాన్నగారి చలవ. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. చుట్టాలున్న ఊరి మీదుగా వెళ్తూ వాళ్ళ గుమ్మం తొక్కకపోవడం ఆయన దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు. "ఊళ్ళోకొచ్చి మొహం చూపించకుండా పోతే ఏమనుకుంటార్రా?" అంటారు. మొహం చూపించడానికి అయిదు నిమిషాలు చాలని ఆయన నమ్మకం. మా గోదావరి జిల్లాల్లో అలా చూపించి బయటపడ్డవాడు ఇంతవరకూ లేడు. మనం కాఫీ తాగేలోపు పెరట్లో కోడిని కోసేస్తారు. ఒకసారి కడియం పూలు చూడ్డానికని బయల్దేరి, నాన్నగారికి తమ్ముడి వరసయ్యే ఒకాయన కోసం రావులపాలెంలో ఆగాము. సాయంత్రం డిక్కీలో రెండు అరటిగెలలతో ఇంటికి తిరిగొచ్చాము. ఒక్క పువ్వూ చూడలేదు.

నేను లెక్కల మాస్టారిని. బయల్దేరే టైము, చేరే టైము ఫోన్లో రాసుకునే రకం. ఇలాంటి రోజుల్లో నాకు ఒళ్ళు మండిపోతుంది. "తినేసి మరీ కోప్పడతారేంటండీ?" అని మా ఆవిడ దెప్పుతుంది. రెండోసారి వడ్డించుకునేది నేనే కాబట్టి నోరెత్తను.

అన్నిటికన్నా దాటడం కష్టమైన గుమ్మం నరసాపురంలో మా అత్తయ్యది. ఆవిడ నాన్నగారి అక్క. క్రిస్మస్ మర్నాడు అంతర్వేది వైపు బయల్దేరడం మా ఇంటి ఆనవాయితీ. నరసాపురం రేవులో కారుతో సహా పంటు ఎక్కి గోదావరి దాటితే అవతల సఖినేటిపల్లి. అక్కణ్ణించి అంతర్వేది, అదీ దాటాక అన్నాచెల్లెళ్ల గట్టు. గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్ళలోకి సాగిన ఇసుక మేట అది. మా ఆనవాయితీ మాత్రం ఏటేటా అత్తయ్య భోజనాల బల్ల దగ్గరే ఆగిపోయేది. ముందు ప్రార్థన. ఆ ప్రార్థనలో మా వంశంలో ఒక్కరినీ వదలకుండా, దుబాయిలో ఉన్న మనవడి వీసా దాకా అన్నీ దేవుడికి అప్పగించేది. ఈలోగా పులావు చల్లారిపోయేది. ఆ తర్వాత కోడికూర, రొయ్యల వేపుడు, చేపల పులుసు. ఆఖరున కజ్జికాయలు, కేకు. కాస్త నడుం వాల్చి లేచేసరికి ఇంక పంటు ఎక్కి లాభంలేని వేళయ్యేది.

ఆ గట్టు చూడాలన్నది మా అమ్మ కోరిక. కాలవ ఒడ్డున పుట్టి, ఇన్నేళ్ళూ గోదావరి నీళ్ళే తాగిన మనిషి. "ఈ నీళ్ళన్నీ ఆఖరికి ఎక్కడ కలుస్తాయో ఒక్కసారి చూస్తే బావుణ్ణు" అని ఎప్పుడో అంది. అమ్మ ఏదీ రెండోసారి అడగదు. నిరుడు ఆమె కళ్ళకు గ్లాకోమా అని తేలింది. అప్పటికే పక్కచూపు చాలావరకు పోయింది. సూటిగా ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు కొన్నాళ్ళు నిలబడవచ్చు గానీ పోయింది తిరిగి రాదని డాక్టరుగారు చెప్పేశారు. ఆస్పత్రి మెట్లు దిగుతూనే నిశ్చయించుకున్నాను. వచ్చే క్రిస్మస్ మర్నాడు అత్తయ్య ఇంటికి వెళ్ళేది లేదు. అమ్మకు ఆ గట్టు చూపించి తీరాలి.

నాన్నగారి దగ్గర ముందే మాట తీసుకున్నాను. మా ఆవిడ పిల్లలతో పుట్టింటికి వెళ్ళింది కాబట్టి కారులో మేము ముగ్గురమే. పది గంటలకల్లా రేవులో ఉన్నాము. పంటు అవతలి ఒడ్డున ఉంది. నేను టీ తాగి వచ్చేసరికి నాన్నగారు గోదావరి వైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు.

"ఏమీ అనుకోకక్కయ్యా. రేవులోనే ఉన్నాం. ఈసారికి రాలేం. చెప్పకుండా వెళ్తే బాగోదని చేశాను."

నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఎందుకు చేశారు నాన్నగారూ?"

"రావడం లేదనే కదరా చెప్పాను! చెప్పడం కూడా తప్పేనా?"

రాలేమని చెప్పడానికి వాళ్ళ ఊళ్ళోనే నిలబడి ఫోను చేసేవాళ్ళు మా వైపు తప్ప ఇంకెక్కడా ఉండరు.

అనుకున్నంతా అయింది. పావుగంటలో ఆటో వచ్చి ఆగింది. రెండు చేతుల్లో రెండు క్యారేజీలతో అత్తయ్య దిగింది. ఇంట్లో కట్టుకునే నూలుచీర, నుదుటి నిండా చెమట. కారు తలుపుకు అడ్డంగా నిలబడి, ఆమె ఏమన్నా సరే కుదరదని చెప్పడానికి నేను సిద్ధపడ్డాను.

"నేను ఆపడానికి రాలేదురా" అంది నా మొహం చూసి. "అదిగో పంటు వచ్చేస్తోంది, బయల్దేరండి. అక్కడ తింటారని తెచ్చాను."

"ఇంతలో ఎలా వండేశారత్తయ్యా?"

"ఇంతలో ఏంట్రా? క్రిస్మస్ మర్నాడు మీరు రాకుండా ఉంటారేంటని తెల్లారగట్టే మొదలెట్టాను."

ఆ గొంతు విని అమ్మ తలుపు తడుముకుంటూ కారు దిగింది.

"మీరూ రండి వదినగారూ. గట్టు చూసొద్దాం. మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు, మాతో ఇంకోసారి."

"ఎన్నోసార్లేంటమ్మాయ్? ఒక్కసారీ చూళ్ళేదు. ఈ ఊరు కాపరానికొచ్చి నలభై ఏళ్ళు దాటింది. గట్టు చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ వండిపెట్టడమే సరిపోయింది. వాళ్ళు పంటు ఎక్కేవారు, నేను గిన్నెలు తోముకునేదాన్ని."

ఈ మాట ఆమె బాధపడుతూ అనలేదు. బజార్లో ఇవాళ చేప దొరకలేదన్నంత మామూలుగా అంది. ఇన్నేళ్ళూ మా రోజంతా ఆమె మింగేస్తోందని లోపల తిట్టుకున్నాను. ఆమె రోజు ఏమైపోతోందని ఒక్కసారీ అడగలేదు. ఆమె వండింది మారు వడ్డించుకుని తింటూనే గడియారం చూసుకుని విసుక్కున్నాను. నిజంగా సిగ్గేసింది.

పంటు ఒడ్డుకు ఆనింది. "మీ మావయ్య ఒంటిగంటకి కొట్టు నుంచి అన్నానికొస్తారు, వెళ్తాను" అని అత్తయ్య వెనక్కి తిరిగింది. అమ్మ చెయ్యి గాలిలో వెతికి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నాకు పక్కన ఏముందో కనపట్టం లేదండి వదినగారూ. ఉన్న చూపు కూడా ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు. మీకు చెప్తే దిగులు పెట్టుకుంటారని చెప్పలేదు. అక్కడ ఇసకలో ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకోవాలి."

అత్తయ్య అమ్మ మొహంలోకి చూసింది. తర్వాత నాన్నగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆమె ఒక క్యారేజీ ఆటో అతని చేతిలో పెట్టి, "ఇది కొట్లో మా ఆయనకి ఇచ్చెయ్యి బాబూ, నేను సాయంత్రం వస్తానని చెప్పు" అని కారెక్కింది. నాన్నగారు వెంటనే మావయ్యగారికి ఫోను కలిపారు. "ఏమీ అనుకోకండి బావగారూ..." ఈసారి నాకు కోపం రాలేదు.

గట్టు మీద గాలి చెంగుల్ని నిలవనివ్వడం లేదు. అమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుని ఇసుకలో మెల్లగా నడిచింది. చివరికొచ్చాక నాన్నగారు "అదిగో, అక్కడే కలిసేది" అని చెయ్యి చాపారు. ఆ చెయ్యే అమ్మకు కనబడలేదు. ఖాళీ ఇసుక వైపు చూస్తూ, "ఎక్కడండీ?" అని అడిగింది. అత్తయ్య ఆమె గడ్డం పట్టుకుని, పసిపిల్లకు అన్నం పెట్టేటప్పుడు తిప్పినట్టు, మొహాన్ని నీళ్ళ వైపు తిప్పింది.

"ఇటు చూడు. ఇలా నిదానంగా వస్తోందే, అది మన గోదారి. ఇప్పుడు కొంచెం ఇటు తిరుగు. నురగలు కడుతోందే, అది సముద్రం."

అమ్మ చాలాసేపు అలాగే నిలబడింది.

"కనపడుతోందండి" అంది చివరికి. "కలిసేది కూడా కనపడుతోంది."

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏరా, రేవు నుంచి ఇక్కడికి ఎంతసేపు పట్టింది?" అని అత్తయ్య నన్నడిగింది.

"గంటలోపే వచ్చేశాం అత్తయ్యా."

"గంటేనా!" అంది.

అమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. "వచ్చే ఏడు తీసుకొచ్చినా నాకు కనపడకపోవచ్చు వదినగారూ. అప్పుడు మీరే చూసి, ఎలా ఉందో నాకు చెప్పాలి."

"చెప్తానులే అమ్మాయ్" అంది అత్తయ్య, నీళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండానే. "ముందు కాసేపు నన్ను చూడనీ."