నాకోసం కొన్న లాప్‌టాప్

మా ఆయన పాస్టరు. నెల్లూరు జిల్లా కోట నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊళ్లో మా చర్చి. ఏడేళ్ల క్రితం మనుబోలు దగ్గర హైవే మీద బండి జారిపడి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు గానీ ఎముక వంకరగా అతుక్కుంది. నాలుగు వరసలు రాసేసరికి చెయ్యి లాగేది. అందుకని ఆదివారం ప్రసంగం ఆయన చెబుతుంటే నేను రాసిపెట్టడం మొదలుపెట్టాను. చెయ్యి బాగయ్యే దాకా అనుకున్నాం. అది బాగవలేదు.

శనివారం టిఫిను కాగానే ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బైబిలు తెరిచేవారు. నేను నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. మధ్యాహ్నం భోజనాల వేళకు అయ్యేది. కావలిలో మా అక్క కూతురి నిశ్చితార్థం ఒక శనివారం పడింది.

"పోయిరా. రేపటికి నేను ఎట్టో ఒకట్ట నోటికొచ్చింది చెప్పేస్తాలే" అన్నారాయన.

ఆ మాట విన్నాక ఎలా వెళ్లను? వెళ్లలేదు. అక్క చాలా రోజులు ఫోను చెయ్యలేదు.

పోయిన ఏడాది మా సంఘ పెద్ద, రొయ్యల గుంటలున్నాయన, అయ్యగారికి ట్యాబో లాప్‌టాపో కొనిస్తానని మమ్మల్ని తన కారులో నెల్లూరు తీసుకెళ్లాడు. దుకాణంలో పనిచేసే అమ్మాయి ముందు ట్యాబ్ చూపించింది. మైకు గుర్తు నొక్కి, "మాట్లాడండి సార్, అదే రాసుకుంటుంది" అంది.

ఆయన గొంతు సవరించుకుని "ప్రభువునందు ప్రియమైన వారలారా" అన్నారు. అక్షరాలు ఒక్కటీ తప్పు లేకుండా తెర మీద పడ్డాయి. నేను పక్కన లేకపోయినా ఆయన మాట అక్షరమవుతుందన్నమాట.

"ఇది బాగుందండీ" అన్నాను, ఎవరూ అడక్కముందే.

ఆయన ఇంకొంచెం చెప్పి చూశారు. బైబిల్లోని పవిత్రమైన పెట్టె గురించి చెబుతూ "నిబంధన మందసము" అంటే, అది "నిబంధన మంద సమం" అని రాసింది. మళ్లీ అన్నారు. మళ్లీ అంతే.

సంఘ పెద్ద నవ్వాడు. "దీనికి మన బైబిలు తెలవదయ్యగారా. అమ్మగారు పెళ్లికి ముందు టైపు నేర్చుకున్నారంట గదా. లాప్‌టాప్ తీసుకుంటే సరిపోతాది."

ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. "నిజమే. ఇన్నేళ్లూ వేళ్లు నొప్పి పుట్టేలా రాసింది పాపం. ఇదైతే సులువు. నీకోసమే తీసుకుందాం" అన్నారు.

"మేడమ్, మీకు ఓకేనా?" అని అడిగిందా అమ్మాయి. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. తలూపాను.

ఆ ఆదివారం సంఘ పెద్ద లేచి, అమ్మగారి సేవ ఇంకా ముందుకు సాగాలని అందరి చేతా ప్రార్థన చేయించాడు. నేనూ కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను.

అంతకుముందు, నోటుబుక్కులో కొట్టివేతలుంటే పుల్పిట్ దగ్గర నిలబడి ప్రసంగించేటప్పుడు తడబడతానని ఆయన బాగా ఆలోచించుకుని చెప్పేవారు. లాప్‌టాప్‌లో ఆ భయం పోయింది. "ఆ పేరా పైకి జరుపు." "ఆ జబ్బు నయమైనామె సాక్ష్యం తీసెయ్. వద్దులే, ఉండనీ." మధ్యాహ్నానికి అయ్యే పని సాయంత్రందాకా సాగింది. తర్వాత, శుక్రవారమే కాస్త మొదలుపెడదామా అన్నారు. టైపు చేస్తూ కూర్చుంటే మా వీధి చివర కోట బస్సు ఆగడం, మనుషులు ఎక్కడం, అది కదిలిపోవడం వినబడేది.

పోయిన నెల ఒక శనివారం, ఒకే పేరాను మూడోసారి మార్చమన్నప్పుడు నా వేళ్లు ఆగిపోయాయి.

"ఆరోజు నాకు ట్యాబ్ తీసుకోవాలని ఉండింది" అన్నాను.

ఆయన బైబిల్లోంచి తలెత్తారు. "నీకు లాప్‌టాప్ సులువని గదా తీసుకున్నాం."

"మీరు చెప్పుకుంటే అది రాసుకుంటుంది. నేను కూర్చోనక్కర్లేదు."

ఆయన మణికట్టు నెమ్మదిగా రుద్దుకున్నారు. "అప్పుడే చెప్పుండాల్సింది" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నారంతే. కోప్పడినా బాగుండేదనిపించింది.

"సరే, ఈ పేరా ఒక్కటీ అయిపోనీ" అన్నారు.

టైపు చేశాను. ఆ తర్వాత ఇంకో పేరా చెప్పారు.