ఉమ్ రాగిద్ పోయించిన కాఫీ

ఉమ్ రాగిద్ అంటే రాగిద్ తల్లి. కొడుకు పోయినా ఆ పేరు మార్చడానికి ఆమె ఒప్పుకోలేదు. మా వీధి చివర రొట్టెల కొట్టు ఆమెదే. నేను పక్కింటిదాన్ని, పిన్నీ అని పిలిచేదాన్ని.

అంతర్యుద్ధం నడుస్తున్న ఎనభై అయిదులో, సిరియా సరిహద్దున ఉన్న మా బేకా లోయలో లేని సైన్యం ఏదీ? ఒక వైపు సిరియా వాళ్ళు, ఇంకో వైపు ఇజ్రాయెల్ వాళ్ళు, మధ్యలో మా ముఠాలు. ఒక్కో ముఠాకు ఒక్కో దేశం తుపాకులు పంపేది. చచ్చేది మాత్రం మేమే. ఆ ఏడు పిండి బస్తా కోసం వెళ్ళిన రాగిద్‌ను రోడ్డు మీద కాపలా ఉన్న ముఠా కారులోంచి దింపేసింది; అతను మళ్ళీ ఇంటికి రాలేదు. చెయ్యి పట్టుకుని లాగినవాణ్ణే ఇప్పుడు మేము అబూ ఇయాద్, అంటే ఇయాద్ తండ్రి, అని గౌరవంగా పిలుస్తున్నాం. చూసినవాళ్ళున్నారు. అయినా యుద్ధం అయ్యాక ప్రభుత్వం అందరినీ క్షమించి పారేసింది. వాడు మేడలు కట్టే కాంట్రాక్టరయ్యాడు.

కొడుకును ఎక్కడ పూడ్చారో చెప్పమని పిన్ని వాణ్ణి అడగని రోజు లేదు. "ఏ కుర్రాడమ్మా? ఆ రోజుల్లో ఎంతమందో!" అనేవాడు. పిన్ని ఓర్చుకునే రకం కాదు. వాడి కారు వీధిలోకి వస్తే పొయ్యిలో బూడిద తెచ్చి ముందు గుమ్మరించేది. చూసి నా కడుపు చల్లబడేది.

వాడి కొడుకు ఇయాద్‌కు ఇవేవీ తెలియవు. మా పిల్లల చరిత్ర పుస్తకం యుద్ధానికి ముందే ఆగిపోతుంది మరి. కాలేజీలో పిన్ని మనవరాలు లమీస్‌ను ఇష్టపడ్డాడు, చేసుకుంటే ఆమెనే అని భీష్మించాడు. కూతురు పోయాక ఆమె బిడ్డ లమీస్‌ను పెంచింది పిన్నే.

"రమ్మను. పెద్దమనుషుల్ని కూడా తీసుకురమ్మను," అంది పిన్ని లమీస్‌తో.

పిల్లనడగడానికి వచ్చారు, ఇరవై మంది. కాఫీ పోసింది నేనే. మా ఆచారం ప్రకారం అబూ ఇయాద్ కప్పు తాగకుండా కింద పెట్టాడు.

"మా మాట మన్నిస్తేనే తాగుతాం, ఉమ్ రాగిద్."

"నాదీ ఒక మాటుంది. నా కొడుకు ఎక్కడున్నాడో చెప్పు. తర్వాత తాగు."

తాగకుండా లేచిపోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. ఒక ముసలాయన గొణిగాడు, "చెప్పెయ్యవయ్యా. చట్టం క్షమించేసిందిగా, ఇంకా భయమేంటి?"

వాడికీ అలాగే తోచినట్టుంది.

"పాత క్వారీలో, ఉత్తరం గోడ కింద. యుద్ధం కదా, ఉమ్ రాగిద్. మాకు హుకుం వచ్చింది."

"నువ్వే కాల్చావా?"

వాడు తల దించుకున్నాడు. "నేనే."

"తాగు," అంది పిన్ని.

వాడు గడగడా తాగేశాడు. పెద్దమనుషులు కూడా హమ్మయ్య అని తాగేశారు. ఇయాద్ తాగలేదు. నిండు కప్పు నా పళ్ళెంలో పెట్టి, తండ్రి వైపు చూడకుండా బయటికి నడిచాడు. లమీస్ అతని వెనకే వెళ్ళింది. పిన్ని ఆపలేదు.

మర్నాడు క్వారీలో ఎముకలు దొరికాయి. గడ్డపార పట్టి తవ్వినవాళ్ళలో ఇయాద్ ఉన్నాడు. రాగిద్‌ను మట్టిలో పెట్టి, లమీస్‌ను పెళ్ళాడి, ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఎక్కడికో పిన్నికి తెలుసు, నాకూ తెలుసు.

నెల తిరక్కుండా అబూ ఇయాద్ కొట్టు ముందు నిలబడ్డాడు. గడ్డం పెరిగిపోయి ఉంది.

"ఫోనెత్తడం లేదమ్మా. మీకు తెలుసు. నా కొడుకు ఎక్కడున్నాడో ఒక్క మాట చెప్పండి."

పిన్ని పిండి పిసుకుతూ తలెత్తి చూసింది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"వెతుక్కో," అంది. "నాకు ముప్పై ఏళ్ళు పట్టింది."