వెనక వాటాలో చుట్టం

రాజమండ్రిలో మేమున్న ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతామని ఇల్లుగలవాళ్ళు కబురు చేసినప్పుడు మేం పెద్దగా కంగారుపడలేదు. ఇంత ఊళ్ళో రెండు గదులు దొరక్కపోతాయా అనుకున్నాం. నెల్లాళ్ళు కాళ్ళరిగేలా తిరిగాక తెలిసింది, అవి మా ఆయన బట్టల కొట్టు జీతానికి అందే ఇళ్ళు కావని.

"మండపేట వైపు వెళ్ళిపోదామే. అక్కడ సగం అద్దెకే దొరుకుతున్నాయట. పొద్దున్నే బస్సెక్కితే కొట్టు తీసే వేళకి వచ్చేస్తాను," అన్నారు మా ఆయన. ఆయన ఎంత తేలిగ్గా అన్నారో నాకంత ఏడుపొచ్చింది. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. చుట్టుపక్కల ఊళ్ళకి పెళ్ళిళ్ళకి వెళ్ళడమే తప్ప ఎక్కడా నాలుగు రోజులున్న దాన్ని కాదు.

మా అత్తగారికి అప్పటికి ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సరిగ్గా లేవదు. గోడ పట్టుకుని నడుస్తారు. అప్పుడప్పుడూ మతిమరుపు. నోరు మాత్రం నిక్షేపంలా ఉండేది. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి మా అబ్బాయి కాకినాడ కాలేజీ దాకా అన్నీ ఆవిడే తేల్చాలి. ఇరవై రెండేళ్ళు ఆ నోటికిందే కాపురం చేశాను.

మండపేటకి ఇవతల ఓ చిన్న ఊళ్ళో ఇళ్ళు చూడడం మొదలుపెట్టాం. అద్దె నిజంగానే తక్కువ. కానీ గుమ్మంలో కాలు పెట్టగానే అడిగే మొదటి మాట, "పెద్దవాళ్ళెవరైనా ఉన్నారాండి?"

మా ఆయనకి అబద్ధం రాదు. "మా అమ్మగారున్నారండి. కాస్త ఒంట్లో బాగోదు," అనేవారు. అంతే, అవతలివాళ్ళ మొహం మారిపోయేది. ఒకాయనకి అప్పటికప్పుడు బావమరిదికి మాటిచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఇంకొకావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఏమీ అనుకోకండి. రేపు ఆవిడ ఏ చెడ్డ నక్షత్రంలోనో పోయారనుకోండి, ఇల్లు నెలల తరబడి తాళం వేసుకోవాలి. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ దిగరు. మా బాధ మాదండి మరి."

నాకు ఒళ్ళు మండిపోయింది. బతికున్న మనిషికి నక్షత్రం చూస్తారా? కానీ ఆవిడ చెప్పింది మాకు తెలియంది కాదు. మా పుట్టింటివైపు కూడా అలాగే ఒక ఇల్లు వదిలేశారు.

నాలుగో ఇల్లు ఓ పెంకుటింటి వెనక వాటా. ముందు వైపు ఇల్లుగలవాళ్ళే ఉంటారు, మొగుడూ పెళ్ళాం. వెనక రెండు గదులు, వంటిల్లు, కిటికీ తీస్తే కొబ్బరిచెట్ల నీడ. వంటింట్లోనే కుళాయి. అద్దె చెబితే తప్పుగా విన్నానేమోనని మళ్ళీ అడిగాను.

"మీరెంతమందండి?" అంది ఇల్లుగలావిడ.

మా ఆయన నోరు తెరిచే లోపలే అనేశాను. "మేమిద్దరమేనండి. అబ్బాయి హాస్టల్లో ఉంటాడు."

ఆయన నా వైపు చూశారు. నేను కుళాయి వైపు చూశాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట ఇంటికోసమే అన్నానని ఇప్పటికీ అందరితోనూ చెబుతాను గానీ, ఎవరూ కేకలెయ్యని వంటిల్లు ఒక్కసారి నా కళ్ళముందు మెదిలింది. ఆ ఆశ కూడా ఆ అబద్ధంలో ఉంది.

శ్రావణంలో దిగాం. సామాన్లతోపాటు అత్తగారిని తీసుకురాలేదు. రెండ్రోజులు ఆడపడుచు ఇంట్లో ఉంచి, చేతిసంచితో ఆటోలో దింపాం, ఊరినుంచి చూడ్డానికి వచ్చినట్టు. ముందే చెప్పాను.

"అత్తయ్యగారూ, ఎవరైనా అడిగితే చుట్టపుచూపుగా వచ్చానని చెప్పండి. మీరిక్కడే ఉంటారని తెలిస్తే ఖాళీ చెయ్యమంటారు."

"నా కొడుకింటికి నేను చుట్టాన్నా? సిగ్గులేదే అమ్మాయ్, ఆ మాట అనడానికి?"

"మాట వరసకండి."

ఆవిడ కొడుకు వైపు చూశారు, వీడేమైనా అంటాడేమోనని. ఆయన తల వంచుకుని చెప్పుల పట్టీ సర్దుకుంటున్నారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడు ఇల్లుగలావిడ పెరట్లో పలకరిస్తే, "పది రోజులుండి పోదామని వచ్చానండి," అని నవ్వుతూ చెప్పారు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ పది రోజులు సాగదీయడం నా వంతు. వినాయక చవితి వెళ్ళాక వెళ్తారండి అన్నాను. దసరా వెళ్ళాక అన్నాను. కార్తీకం కదండీ, ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసుకుని వెళ్తారట అన్నాను. ఆవిడ చీరలు పెరట్లో ఆరేస్తే చుట్టానికి ఇన్ని చీరలేంటని అడుగుతారని గదిలోనే తాడు కట్టాను. అవి ఎంతకీ ఆరక ముక్కిపోయిన వాసన వచ్చేవి. పొద్దున్నే దేవుడికి దీపం ఎప్పుడూ ఆవిడే పెట్టేవారు. ఇంటికొచ్చిన చుట్టం దీపం పెట్టడమేంటి అనుకుంటారని అదీ నేనే పెట్టడం మొదలుపెట్టాను. అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టం ఇంటావిడని తిట్టకూడదు. ముందువాటాకి వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ గొంతు లేవలేదు.

నాకు హాయిగానే ఉండేది. ఎందుకు దాచాలి? చారులో చింతపండు ఎక్కువైనా అడిగేవాళ్ళు లేరు.

దసరా దాటాక అనుకుంటాను, ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం మీదనుంచి, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారాండి? మీకు శ్రమ ఇస్తున్నాను," అన్నారు.

ఎత్తిపొడుపనుకున్నాను. ఆవిడకి అది కొట్టినపిండి. "చాల్లెండి వేళాకోళం," అని గ్లాసు ఠపీమని పెట్టాను. ఆవిడ బెదిరిపోయి, నీళ్ళు తాగి, గ్లాసు తనే కడగబోయి కింద పడేశారు. ఆ బెదురు నేనెన్నడూ చూసింది కాదు. అత్తగారు నన్ను చూసి బెదరడమా!

ఆ తర్వాత రోజూ అదే వరస. కంచంలో ఇంకాస్త కూర వేస్తే, "అయ్యో, మీకుంచుకోండి," అనేవారు. భోంచేశాక చీర సర్దుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవారు. "మావాడొచ్చి తీసుకెళ్తాడు. మీరు పడుకోండి, నేను చూస్తుంటాను," అనేవారు.

కొడుకుని మాత్రం పోల్చుకునేవారు. సాయంత్రం ఆయన బస్సు దిగి రాగానే సంచి అందించి, "వచ్చావా నాన్నా? పద, మనింటికి పోదాం. వీళ్ళని ఎన్నాళ్ళు ఇబ్బంది పెడతాం?" అనేవారు.

ఆయన ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పేవారు. "ఇదే మనిల్లమ్మా." గట్టిగా అనడానికి లేదు కదా. గుసగుసగా చెప్పే మాటని ఎవరు నమ్ముతారు? ఆవిడ కూడా నమ్మలేదు. వాళ్ళు వింటారురా అన్నట్టు నా వైపు చూసి ఊరుకునేవారు. ఒకరోజు ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అలాగే నిలబడి ఏడ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కార్తీకం వెళ్ళిన వారానికి ఇల్లుగలావిడ గిన్నెతో పులిహోర పట్టుకుని లోపలికే వచ్చేసింది. తాడు మీద చీరలు చూసింది. కుర్చీలో అత్తగారిని చూసింది. ఈసారి ఏ పండగ చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే ఆవిడే అంది.

"ఈవిడ మీ అత్తగారే కదండీ? నాకు మొదటిరోజే తెలుసు. మొహం అచ్చం మీ ఆయనది."

నేను చీరలకి అడ్డంగా జరిగాను.

"కంగారుపడకండి. మిమ్మల్నేమని అంటాను? మేం మాత్రం నిజం చెప్పామేంటి? పోయినేడు మా అత్తగారు ఈ గదిలోనే పోయారు. నక్షత్రం మంచిది కాదన్నారు, తాళం వేశాం. తాళం తీశాక కూడా ఈ ఊరివాళ్ళెవరూ దిగలేదు. బయటివాళ్ళైతే తెలీదని అద్దె తగ్గించి మీకిచ్చాం. చెబితే మీరెక్కడ వెళ్ళిపోతారోనని మేం నోరు మూసుకున్నాం. అందుకే మీరు చవితన్నా దసరా అన్నా ఊఁ కొట్టాను."

ఆవిడ గిన్నె అక్కడ పెట్టి, అత్తగారి చెయ్యి ఓసారి పట్టుకుని వెళ్ళిపోయింది. ఇద్దరం ఒకరికొకరం భయపడి, మధ్యలో ఈ మనిషిని లేకుండా చేశాం. ఈ ఇంట్లో చావుకి ఇంక భయపడేవాళ్ళే లేరు. నాలుగు నెలలు ఆవిడ గొంతు ఎవరికోసం నొక్కాను?

తాడు తెంపి చీరలన్నీ పెరట్లో ఆరేశాను. దేవుడి దగ్గరి అగ్గిపెట్టె తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను. వీధిలోకి వినబడేలా అరిచాను. "అత్తయ్యగారూ, ఇది మనిల్లే! మీ ఇల్లు! మీరే దీపం పెట్టండి. నన్ను తిట్టండి, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా తిట్టండి!"

ఆవిడ అగ్గిపెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా నవ్వి, నా చేతికిచ్చేశారు. "మీరు పెట్టండమ్మా. ఇంటివాళ్ళు పెట్టాలి," అన్నారు.

సంక్రాంతి ఇంకా రాలేదు, ఆవిడ మంచం పట్టారు. ఆయన కొట్టుకి సెలవు పెట్టి పక్కనే కూర్చుని, ఇప్పుడు గొంతెత్తి, "అమ్మా, మనింట్లోనే ఉన్నాం," అని చెబుతూనే ఉండేవారు. పోవడానికి రెండు రోజుల ముందు పొద్దున్న, నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే ఆవిడ కళ్ళు తెరిచారు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చాలా బాగా చూసుకున్నావమ్మా. కన్నకూతురు కూడా ఇంతలా చూడదు. మీ అత్తగారు అదృష్టవంతురాలు. నేనొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఒక్కసారీ కనబడలేదు, ఊళ్ళో లేరా? వచ్చాక చెప్పు, వెళ్ళొస్తానన్నానని."

"అలాగేనండి, చెబుతాను," అన్నాను.