పట్టాల మీద బొట్లు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, దసరా నెలలో, తిరుపతి శివారులోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ నాకు మోడల్ రూము అప్పగించింది. హోదా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్. బల్ల మీద పరచిన చిన్న రైలు మార్గంపై కుర్రవాళ్లకు సిగ్నళ్లు, బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్లు నేర్పడం పని. నన్ను బడికి పంపలేకపోయినా లెక్కల నుంచి సోల్డరింగ్ దాకా ఇంట్లోనే నేర్పిన మా నాయనకు, ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతిసారీ మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని.

మా రైలుది డిజిటల్ పద్ధతి. కరెంటూ, 'కదులు', 'ఆగు' అనే ఆదేశాలూ పట్టాల గుండానే ఇంజన్‌కు అందుతాయి. ఇంజన్‌లోని డీకోడర్ అనే చిప్పు తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. చక్రానికీ పట్టాకూ నడుమ సన్నటి పొర అడ్డుపడినా చాలు, బండి నిలిచిపోతుంది.

వైరింగంతా చేసింది చిత్తూరు నుంచి వచ్చిన ఖాదర్. అతనిది ఏడాది కాంట్రాక్టు. పొడిగించాలా వద్దా అన్నది ప్రిన్సిపాల్ గారు ఆ నెలలోనే తేల్చాలి.

ఆయుధపూజ నాడు ఆయన ఇంజన్‌కు బొట్టు పెట్టి ఊరుకోలేదు. తడిపిన పసుపు కుంకుమలు పట్టాల పొడవునా పెట్టించారు. నేను ఇంట్లో పూజ ముగించుకుని వచ్చేసరికి అతిథులు కూర్చుని ఉన్నారు. మీట నొక్కగానే బండి జానెడు పోయి ఆగింది.

"పూజలో నిలబడనోడు వైర్లు కలిపితే ఇట్లే ఉంటాది. ఖాదరూ, రేపట్నుంచి రావద్దప్పా" అన్నారు ప్రిన్సిపాల్, అందరూ వింటుండగా.

"మైకు కట్టమని బయటికి పంపినోళ్లు మీరే గదా సార్" అన్నాడు ఖాదర్.

నాకు ఒళ్లు మండింది. రోజూ దీపం పెట్టేదాన్ని నేను. అమ్మవారి పేరు చెప్పి ఒకరి కూడు తీయడం ఏ పూజలోనూ లేదు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పట్టాలు, చక్రాలు తుడిచాను. గుడ్డ ఎర్రగా, పచ్చగా తేలింది. బండి బల్ల చుట్టూ తిరిగింది. ఆ గుడ్డను ఆయన ముందు పెట్టాను.

"తిరిగినాది గదమ్మా, ఇంక వదిలేయ్" అన్నారు.

"బండి తిరిగినాది సార్. మీరన్న మాట ఇంకా ఆడనే నిలబడి ఉండాది" అన్నాను.

సాయంత్రం ఖాదర్‌ను తన గదికి పిలిచి కాంట్రాక్టు పొడిగించారు. అందరి ముందూ మోపిన తప్పును తలుపు మూసి వెనక్కి తీసుకున్నారు. అతని పని నిలిచినందుకు స్వామికి మొక్కుకున్నాను. కోపం మాత్రం నేటికీ పోలేదు.

ఆ తర్వాతి దసరాలకు బొట్టు కంట్రోలు పెట్టె మూత మీదే పెట్టించాను. కొత్తగా చేరేవాళ్లకు మొదటి పాఠమూ మార్చాను: బండి ఆగితే ముందు పట్టా తుడవండి. మనిషి పేరెత్తడం ఆ తర్వాత.