అన్నాచెల్లెళ్ల లెక్క కుదరని రోజు

1999లో పటాన్‌చెరులో జరిగిన ఒక బీపీ పరిశోధనలో నాది లెక్కల పని. మావాళ్లు బొల్లారం కంపెనీల కార్మికుల ఇళ్లకు వెళ్లి, తోబుట్టువుల బీపీ కొలిచి, రక్తం తెచ్చేవారు. సూది పని వాళ్లది, తలనొప్పి నాది.

బీపీ, ఎత్తు లాంటి కొలవగల లక్షణాన్ని క్వాంటిటేటివ్ ట్రెయిట్ అంటాం. దాని వెనకున్న జన్యువును వెతకడానికి సిబ్ పెయిర్, అంటే తోబుట్టువుల జంట కావాలి. క్రోమోజోముల మీద మార్కర్లనే గుర్తులుంటాయి. ఒక గుర్తు దగ్గర అమ్మానాన్నల నుంచి ఒకే ముక్కలు వచ్చిన జంటలకు బీపీ దగ్గరగా, వేరు ముక్కలు వచ్చినవాళ్లకు దూరంగా ఉంటే, జన్యువు ఆ చుట్టుపక్కలే ఉందని అనుమానిస్తాం. ఒకచోట కలవకపోతే వింతేం లేదు. అన్నిచోట్లా కలిపి చూస్తే మాత్రం తోబుట్టువులకు దాదాపు సగం కలవాలి.

భానూర్ నర్సింలుకు, అతని చెల్లెలు లక్ష్మికి అంత కలవలేదు. ట్యూబులు తారుమారు చేశారని ల్యాబును తిట్టి, మళ్లీ రక్తం తెప్పించాను. అదే జవాబు వచ్చింది. ఇక వాళ్లమ్మ సాయమ్మను ఒంటరిగా అడగక తప్పలేదు.

"అమ్మా, ఇద్దర్నీ మీరే కన్నారా?"

ఆమె తలుపు దగ్గరికేసింది. "లక్ష్మి మా చెల్లె బిడ్డ. నా పాలు తాగి పెరిగింది. మా ఇండ్లల్ల గట్ల తెచ్చుకున్న బిడ్డను వేరని చెప్పుకోం. దానికి ఎర్క లేదు, చెప్పకు బిడ్డా."

చెప్పనని మాటిచ్చి, చెల్లెలికి ఏమైందని అడిగాను.

"దాన్ని కన్నప్పుడే బీపీ లేచి, ఫిట్స్ వచ్చి పోయింది. ఇప్పుడు లక్ష్మికి మూడో నెల."

నాకు భయం వేసింది. లక్ష్మికి అప్పటికే బీపీ ఎక్కువ. "ఇది డాక్టరమ్మకు తెలియాలమ్మా. గుట్టుగా నేను చెబుతాను" అన్నాను. ఆమె తలుపు తీసింది.

ఆ వారమే లక్ష్మి, సాయమ్మ, నేను ఆసుపత్రికి వెళ్లాం. మీ అమ్మకు కాన్పులో బీపీ వచ్చిందా అని డాక్టరమ్మ లక్ష్మిని అడిగింది. నేను డాక్టరమ్మను పక్కకు పిలిచేలోపే లక్ష్మి లేదంది.

"వచ్చింది" అంది సాయమ్మ. "దీన్ని కన్న నా చెల్లెకు వచ్చింది. పానం పోయింది. రాసుకో డాక్టరమ్మా. దీని పానం సంగతి దీనికే దాస్తే ఎట్ల?"

లక్ష్మి సాయమ్మ వైపు తిరిగింది. కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. "ఏడ్వకమ్మా. గోలీలు ఎట్ల ఏసుకోవాల్నో చెప్తున్నరు, మంచిగ విను. నేను మర్సిపోత."

లక్ష్మి కాన్పు క్షేమంగా జరిగింది. ఆ జంటను నా లెక్కల్లోంచి తీసేశాను. కన్నదెవరు, పెంచిందెవరు అన్నది రక్తం తీయకముందే తల్లిని ఒంటరిగా అడగమని అప్పటినుంచీ మావాళ్లకు చెబుతున్నాను. అడిగి తెలుసుకున్నాక లెక్క సరిచేసుకుని ఊరుకునే హక్కు మనకు లేదని సాయమ్మ దగ్గరే నేర్చుకున్నాను.