పాస్టరమ్మ చేటలో బియ్యం

నిన్న పొద్దున్నే ఫోన్.
"పాస్టరమ్మగారు పోయారండీ. బేగి రండి" అన్నాడు సంఘపెద్ద.



ఆమెకు ఒక పేరుంది. కరుణమ్మ. నా చెల్లెలు. నర్సీపట్నంలో ఇన్నేళ్లున్నా ఆ పేరుతో పిలిచినవాణ్ని నేనొక్కణ్నే.

సాయంత్రం సమాధి చేశాం. సంఘస్థులారా, రాత్రి నుంచి ఫేస్‌బుక్‌లో మీ పోస్టులు చదువుతున్నాను. "దేవునికి శ్రేష్ఠమైనది ఇచ్చిన తల్లి" అట.
నిజమే. మీరేం ఇచ్చారో నేను రాస్తాను.

మన పిడికెడు బియ్యం సంగతి తెలియనివారికి చెబుతున్నాను. వంటకు ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి తెచ్చి అందరూ ఒకే గోనెసంచిలో పోస్తారు. ఆ సంచి పాస్టరుగారింటికి వెళ్తుంది. వాళ్ల తిండి అదే.

మంచి అలవాటే.
కానీ ఇంట్లో సన్నబియ్యం వండుకునేవాళ్లు దేవుడి డబ్బాలోకి మాత్రం కోటా బియ్యం వేసేవారు. కొందరు నూకలు. కొందరు పురుగు పట్టినవి.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. అన్నం సగం జావ, సగం పలుకు. అన్ని రకాల బియ్యం ఒకే గిన్నెలో ఇంకెలా ఉడుకుతాయి?

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"సంఘమంతా నీ కంచంలోనే ఉంది అన్నయ్యా. మెత్తనోళ్లు, గట్టోళ్లు. నవిలీసి మింగీ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆదివారం గుడిలో లేచి అడిగేస్తానన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అలగ సెయ్యకు. పాస్టరమ్మకి రుసులు కావాలేటి అంటారు. ఈయన మళ్లీ ఏ మొకంతో వాక్యం సెప్తారు? నాను బతికుండగా నువ్వు నోరెత్తకు."

సరేనన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి చేట ముందేసుకుని కూర్చుంది. ఆ సంచిలోని బియ్యమే. నూకలూ రాళ్లూ తీసేసి, నిండు గింజలు మాత్రం ఏరి ఒక డబ్బాలో వేస్తోంది.
రాత్రి వంటకేమో అనుకున్నాను.

కాదు. అది ఆమె పిడికెడు. పాస్టరమ్మ కూడా ఇవ్వాలి కదా.

"పిచ్చిదానా, మళ్లీ ఆ సంచిలో కలిసి నీ ఇంటికే కదే వచ్చేది!"

"వస్తే రానీ. నానిచ్చినప్పుడు బాగుండాల గానీ."

ఆ సంచిలోంచి తీసింది మళ్లీ ఆ సంచిలోకే. ఆమె బతుకంతా ఆ చేట ముందే గడిచింది.

లోపమున్న గొర్రెను దేవునికి అర్పించకూడదని మా బావగారు ప్రసంగిస్తుంటే ముందు బెంచీలవాళ్లు ఆమేన్ అనేవారు. నేను వెనక బెంచీలో పళ్లు కొరుక్కునేవాణ్ని. దేవుణ్ని నమ్మినవాళ్ల పుస్తకాలూ, నమ్మనివాళ్ల పుస్తకాలూ బీరువాల కొద్దీ చదివాను. ఆమెకిచ్చిన ఆ ఒక్క మాట దాటే దారి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నిన్న చుట్టాల భోజనాలకు మీరందరూ బియ్యం తెచ్చారు. చూశాను. అన్నీ సన్నబియ్యమే. ఏ మెతుక్కి ఆ మెతుకు విడిగా ఉడికింది. రోలుగుంట నుంచి వచ్చినవాళ్లు మెచ్చుకుని తిన్నారు.

నేను కంచం పక్కన పెట్టి లేచాను.

మీ ఇళ్లలో మంచి బియ్యం ఉన్నాయని నాకు ఎప్పుడో తెలుసు. ఆమెకూ తెలుసు.

బతికుండగా నోరెత్తకు అంది. ఇప్పుడు ఎత్తాను. ఏం లాభం? ఆమె మాత్రం ఒక్క మంచి ముద్ద తినకుండానే వెళ్లింది.

వచ్చేముందు ఆమె డబ్బా మూత తీశాను. ఈ వారానిది, సగం నిండి ఉంది. ఒక్క నూక లేదు.

ఆదివారం దాన్ని నేనే తెస్తాను. మీ సంచిలో పొయ్యను. విడిగా, ప్రభువు బల్ల మీద పెడతాను. ఆమె ఇచ్చింది ఒక్కసారైనా ఇచ్చినట్టే చేరాలి.

చేట దించమ్మా కరుణా. ఇంక ఏరేదేమీ లేదు.
నెమ్మదిగా పడుకో.