పరగడుపు మాత్ర

మొన్న పొద్దున మా కోడలు వరండాలో కూర్చుని, కాలేజీలో తనతోపాటు పాఠాలు చెప్పే స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతోంది. తన థైరాయిడ్ మాత్ర మోతాదు ఈసారి కొంచెం తగ్గించారనీ, పోయిన నెలంతా గుండె దడగా ఉండి చేతులు వణికాయనీ, రక్తపరీక్ష చేయిస్తే మాత్ర ఎక్కువైందని తేలిందనీ, కూరగాయల ధరలు చెప్పుకున్నంత మామూలుగా చెబుతూ మధ్యమధ్య నవ్వుతోంది. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న నేను ఆ పేపరు మడిచి పక్కన పెట్టేశాను. గుండె దడ, చేతుల వణుకు, మాత్ర ఎక్కువ కావడం, ఈ మూడు మాటలూ కలిపి అప్పట్లో ఎవరైనా ఒక్కరు నాతో అని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. కోడలికి చెబితే అయ్యో మామయ్యా అంటుంది. ఆ అయ్యో ఇప్పుడు నాకెందుకు? నా ఈడువాళ్లు, రోడ్డు మీద బండి తోలి అన్నం తిన్నవాళ్లు చదివితే చాలని రాస్తున్నాను.

నేను ప్రభుత్వ బస్సులో డ్రైవరుగా చేరినప్పుడు మా నాయనకు అంతగా నచ్చలేదు. ఆయన మగ్గం మీద చీరలు నేసిన మనిషి, తెగిన పోగును చీకట్లో కూడా తడుముకుని ముడివేయగలిగిన మనిషి, కొడుకు ఖాకీ చొక్కా వేసుకుని దుమ్ములో తిరుగుతానంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఒకసారి నా బస్సులో నంద్యాల దాకా వచ్చి, ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా నా చేతులే చూసి, దిగేటప్పుడు నీదీ చేతి పనేలే అని మాత్రం అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు. అప్పటి స్టీరింగు ఇప్పటిదానిలా వేలితో తిరిగేది కాదు, భుజాలు పట్టేసేవి, బానెట్ వేడికి ఎడమకాలు ఎండాకాలమంతా కమిలిపోయేది. అయినా శివరాత్రికి మహానంది స్పెషల్ బస్సులు వేస్తే, నిండుగా భక్తులను ఎక్కించుకుని పోయే ఆ బండి నాకే ఇవ్వాలని డిపోలో అడిగి మరీ తీసుకునేవాణ్ణి.

నాకు నలభై దాటుతుండగా గొంతు మీద గడ్డ లేచింది. కర్నూలులో ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు, మంచి డాక్టరే, మంచిగానే చేశారు. ఇక బతికినన్నాళ్లూ రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలని చెప్పి పంపించారు. మెడకు అడ్డంగా మచ్చ పడింది, దాన్ని కప్పుకోవడానికి చొక్కా పై గుండీ పెట్టుకునేవాణ్ణి, ఆ ఉక్కలో. డిపోలో అడిగినవాళ్లందరికీ చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అది ఆడవాళ్లకు కదా వచ్చేది అని నవ్వేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. ఒళ్లు ఇంకా నీరసంగా ఉందని మా ఊళ్లో ఉన్న డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ఏ పరీక్షా చేయకుండానే, మాత్ర చాలడం లేదులే అని రెట్టింపు చేశాడు. ఆ మందు మా ఊళ్లో దొరికేది కాదు. నాతో పదేళ్లుగా ఒకే బస్సులో తిరిగిన కండక్టరు, నన్ను అన్నా అని, నా భార్యను వదినా అని పిలుస్తూ మా ఇంట్లో మనిషిలా తిరిగినవాడు, కడప పోయినప్పుడల్లా మందుల షాపులో ఆ సీసా కొని, టికెట్ల సంచిలో పెట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు.

రెట్టింపు చేసిన రెండు నెలలకు మొదలైంది. పడుకుంటే గుండె దిండులో కొట్టుకున్నట్టు వినపడేది. చలికాలంలో అందరూ దుప్పట్లు కప్పుకుంటే నాకు చెమట కారిపోయేది, మహానంది ట్రిప్పులో జనం దేవుణ్ణి చూసి వచ్చేలోగా నేను గుడి కోనేట్లోకి దిగి మెడలోతు నీళ్లలో నిలబడి, ఒళ్లు చల్లబడే దాకా బయటికి వచ్చేవాణ్ణి కాదు. రాగిసంగటి ఇంత ముద్ద తిన్నా ఆకలి తీరేది కాదు, బెల్టుకు మాత్రం కొత్త చిల్లులు పొడిపించుకోవలసి వచ్చేది.

"యాడికి పోతాండాది నువ్వు తినేదంతా?" అని నా భార్య నా పక్కటెముకల మీద చెయ్యి పెట్టి అడిగేది. నాకు దేనికి కోపం వచ్చేదో తెలిసేది కాదు. ఒకరోజు చారులో ఉప్పు ఎక్కువైందని కంచం గోడకేసి కొట్టాను, పిల్లలు పక్కింట్లోకి పరుగెత్తారు. అంతకుముందు నేను ఇంట్లో గొంతు పెంచినవాణ్ణి కాదు.

చేతుల వణుకు మాత్రం దాచుకోగలిగేది కాదు. స్టీరింగు పట్టుకుంటే తెలిసేది కాదుగానీ, టీ గ్లాసు పట్టుకుంటే తెలిసేది. బస్టాండులో టీ తాగుతుంటే గ్లాసు అంచు దాటి వేళ్ల మీద ఒలికేది, పక్కనున్నవాళ్లు ఒకరినొకరు చూసుకునేవారు. మా ఊరి డాక్టరును అడిగితే నరాల బలహీనత అని సూదిమందు వేశాడు. డిపోలో వేరే పేరు పెట్టారు. నేను పుట్టి పెరిగి సారా చుక్క నాలుక మీద వేసుకున్నవాణ్ణి కాదు, మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు, అయినా ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ ఎక్కబోతుంటే బస్సులు పంపించే కంట్రోలరు నా దారికి అడ్డం నిలబడి, మొహం దగ్గరగా పెట్టి, "ఏమనుకోవద్దప్పా, ఒగసారి నోరు తెర్చి ఊదు" అన్నాడు.

ఊదాను. వాసన ఏమీ లేదు. అయినా మరునాడూ ఊదమన్నాడు. తర్వాత అది రోజూ ఉండే పని అయిపోయింది, నా వెనక నిలబడ్డ కుర్ర డ్రైవర్లు చూస్తుండగా, నేను మరో మగవాడి మొహం మీదికి ఊది నా మర్యాదను రుజువు చేసుకుని బండి ఎక్కేవాణ్ణి. వాసన రాకపోయేసరికి అనుమానం తీరకపోగా ఇంకో దారి పట్టింది. మొదటి బస్సు తీసేముందు, కడుపులో ఏమీ లేకుండా మింగాలి కాబట్టి, నేను డిపో కుళాయి దగ్గర నిలబడి మాత్ర వేసుకునేవాణ్ణి. అది చూసినవాళ్లు సారా కాదప్పా, మత్తుగోలీలు మింగుతాండాడు అనడం మొదలుపెట్టారు. నేను బతకడానికి వేసుకునే మందే నా మీద సాక్ష్యమైంది.

నా భార్య పెద్దగా చదువుకోలేదు. కానీ నన్ను రోజూ చూసేది కాబట్టి, ఇదంతా మాత్ర రెట్టింపు చేసినప్పటి నుంచే మొదలైందని పట్టుకుంది. ఆ గోలీలు ఒక నెల ఆపి చూడమంది. డాక్టరు మాటకన్నా ఆమె మాటే నాకు నిజమనిపించి ఆపేశాను. కొన్ని వారాల్లోనే దడ తగ్గింది, నిద్ర పట్టింది, టీ గ్లాసు వణకలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పిల్లలు మళ్లీ నా ఒళ్లో కూర్చున్నారు. నెల దాటినా నేను ఆ సీసా ముట్టుకోలేదు. డిపోలో మాత్రం నేను మానేశానని చెప్పుకున్నారు. కంట్రోలరు భుజం తట్టి మంచిపని చేసినావప్పా అన్నాడు. తాగనివాణ్ణి తాగుడు మానేశానని మెచ్చుకుంటుంటే విని, పోయి బండి ఎక్కాను.

ఆ హాయి నిలవలేదు. గ్రంథి లేని ఒంటికి ఆ మాత్రే ఆధారమని నాకప్పుడు తెలియదు. మెల్లగా చలి మొదలైంది, నడివేసవిలో కూడా స్వెటరు వేసుకోవాలనిపించేది. గొంతు బొంగురుపోయింది, మొహం ఉబ్బింది, కళ్ల కింద సంచులు దిగాయి, మాట నాలుకకు అడ్డం పడేది. ఉబ్బిన మొహం చూసి మళ్లీ మొదలుపెట్టినాడన్నారు. మాత్ర ఎక్కువైనప్పుడూ తాగుబోతునే, లేనప్పుడూ తాగుబోతునే. అన్నిటికంటే భయపెట్టింది నిద్ర. అది కళ్ల మీదికి వచ్చే నిద్ర కాదు, తెరిచిన కళ్లలోనే కూర్చునే నిద్ర, ఎదురుగా ఉన్నది చూస్తూనే ఉంటాం, అది ఏమిటో మనసుకు ఎక్కడానికి ఆలస్యమవుతుంది. సెలవు అడిగాను. మనుషులు లేరు, పండగ రద్దీ, తర్వాత చూద్దామన్నారు.

బేతంచెర్ల దాటి కర్నూలు వైపు పోతుండగా, మధ్యాహ్నం పూట, బండల లోడుతో ఉన్న లారీ ఒకటి మా ముందు రోడ్డు మీదే ఆగిపోయింది. అది ఆగిందని నేను చూశాను. చూశానన్న సంగతి కాలికి చేరేసరికి ఆలస్యమైంది. బ్రేకు తొక్కుతూ పక్కకు తిప్పాను. తిప్పబట్టే బస్సు మొత్తం పోయి గుద్దుకోలేదు, లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన బండ అంచు ఎడమవైపు అద్దాన్ని పగలగొట్టుకుంటూ పోయింది. లోపల ముసలావిడ ఒకామె పడి చెయ్యి విరిగింది, తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరుకు నుదురు చీలింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు. దిగి చూసేసరికి బండల తెల్లటి పొడి మీద కండక్టరు రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోంది, నేను తువ్వాలు తీసి కట్టబోతే అతను నా చెయ్యి తోసేశాడు.

విచారణ జరిగింది. పెద్దాఫీసరు ముందు నేను నా మెడ మచ్చ చూపించాను, మాత్రల సంగతి చెప్పాను. ఆయన విసుగ్గా కండక్టరు వైపు తిరిగి, ఈ మనిషి ఏం వేసుకుంటాడో నీకు తెలుసా అని అడిగాడు. నాకు ధైర్యం వచ్చింది. ఆ సీసా పేరు నాకంటే అతనికే బాగా తెలుసు, షాపులో చూపించడానికి కాగితం ముక్క మీద రాసుకుని పోయేవాడు.

కండక్టరు నుదుటి కట్టు సర్దుకుంటూ నేల చూశాడు. "ఏమో సార్. గోలీలు మింగుతాండె. ఏం గోలీలో నాకు తెల్దు."

నేను పేరు పెట్టి పిలిచాను. అతను తల ఎత్తలేదు. తనమీదికి ఏమైనా వస్తుందని భయపడ్డాడో, నుదురు చీలిన కోపమో, నిజంగానే అందరూ అనేది నమ్మేశాడో, ఇప్పటికీ నాకు తెలియదు. నన్ను స్టీరింగు నుంచి తీసేసి డిపో గేటు దగ్గర వేశారు.

ఆ తర్వాత కడపలో ఒక డాక్టరమ్మ, ఇంకా చిన్న వయసే, నా మాట మొత్తం విని రక్తం తీసి హైదరాబాదుకు పంపించింది. ఫలితం వచ్చాక నన్నూ నా భార్యనూ కూర్చోబెట్టి, మొదట ఎక్కువైందనీ, తర్వాత పూర్తిగా లేకుండా పోయిందనీ, రెంటికీ మధ్య నా ఒంటికి సరిపోయే మోతాదు ఒకటి ఉందనీ బొమ్మ గీసి చెప్పింది. నా భార్య అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొన్ని నెలలకు నేను మామూలు మనిషినయ్యాను. ఆ కాగితాలన్నీ పట్టుకుని మళ్లీ బండి ఇమ్మని ఆఫీసుకు పోయాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

చివరిసారి అక్కడి పెద్దమనిషి కాగితాలు చదివి, దయగానే అన్నాడు. "నువ్వు తాగల్యాదనే అనుకుందామప్పా. దినామూ గోలీ మింగితే గానీ నిలబడనోనికి యాభై మంది పానాలు ఎట్ల ఇచ్చేది?"

రిటైరయ్యే దాకా గేటు గొలుసు పట్టుకుని, బస్సు వస్తే దించి, పోయాక ఎత్తాను. నన్ను ఊదమన్న కంట్రోలరుకు ప్రమోషన్ వచ్చింది. నా వెనక నిలబడ్డ కుర్రవాళ్లు సీనియర్ డ్రైవర్లయి, నా పక్కనుంచి మహానంది స్పెషల్ తీసుకుని పోతూ చెయ్యి ఊపేవారు.

రెండేళ్ల కిందట ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో కండక్టరు కనపడ్డాడు. తల నెరిసింది, నుదుటి మచ్చ ముడతల్లో కలిసిపోయింది. పరుగున వచ్చి నన్ను వాటేసుకుని, పక్కనున్న తన అల్లుళ్లకు గర్వంగా చూపించాడు.

"ఈ అన్న చేతిలో బండి ఉంటే గ్లాసులో నీళ్లు కదిలేవి గాదు. రోంత మందు అలవాటుండె, అంతే. మనిషి బంగారం."

అతని గొంతులో వెటకారం లేదు, నిజమైన ప్రేమే ఉంది. నాకంటే ముందు నా భార్య మాట్లాడింది. "ఆ గోలీలు కడప నుంచి తెచ్చిచ్చింది నువ్వే గదా నాయనా. థైరాయిడ్ గోలీలు. ఈయప్ప ఎప్పుడు తాగినాడు?"

అతను ఒక్క క్షణం ఆమె వైపు చూసి, గట్టిగా నవ్వాడు. "ఎప్పటి మాట వదినా! నాకు యాడ గుర్తుండాది? అయినా తాగితే మాత్రం ఏమి, తాగనోళ్లు ఎవరుండారు?" అల్లుళ్లు కూడా నవ్వారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, పెళ్లిభోజనానికి పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను తిన్నాను. ఏం చేయను? అబద్ధమాడుతున్నవాడితోనైతే పోట్లాడవచ్చు, అతను ఆ అబద్ధాన్ని నిజంగా జ్ఞాపకం పెట్టుకున్నాడు.

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒకరికి థైరాయిడ్. సందు చివర ల్యాబులో పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి ఫోనుకే ఫలితం వస్తుంది, డాక్టరు మోతాదు అటో ఇటో జరుపుతాడు, మనిషి పనికి పోతాడు. ఎవరూ ఎవరినీ నోరు తెరిచి ఊదమనరు. మంచిదే, నా కోడలికి ఆ బాధ లేనందుకు సంతోషమే. కానీ ఆ రోజుల్లో దానికి జనం నోట్లో ఒక పేరు లేదు, పేరు లేని జబ్బు కాబట్టి తమకు తెలిసిన పేరు పెట్టారు, నాకు అది నిలిచిపోయింది. బేతంచెర్ల రోడ్డు కూడా వెడల్పు చేశారు, నేను బ్రేకు తొక్కిన చోటు ఎక్కడో ఇప్పుడు పోల్చుకోలేను. డెబ్బై దాటాయి. మోతాదు సరిగ్గా ఉంది. అంచు దాకా నింపిన టీ గ్లాసును వంటింటి నుంచి వరండా దాకా ఒక్క చుక్క ఒలకకుండా తీసుకుపోగలను. అంతకుమించి ఈ చేతులతో చేయవలసిన పని నాకు లేదు.